ఫింటన్ గారు అందించిన చరణం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పదహారేళ్లుగా ముసలివాళ్లకు సేవ చేసే ఉద్యోగం నాది. పోయినవాళ్ల కళ్లు ఈ చేతులతోనే మూశాను. ఏ గదిలోనూ నాకేదీ కనిపించలేదు. కాబట్టి "పాపం, అలసిపోయి ఉంటుంది" అనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

మాది తెనాలి. ఐర్లండ్‌లో స్లైగో ఊరి దగ్గర, ముసలివాళ్లుండే ఒక నర్సింగ్ హోములో కేరర్‌ని. కోవిడ్ వచ్చేనాటికి మా పై అంతస్తులో ఫింటన్ గారని ఎనభై దాటిన పెద్దాయన ఉండేవారు. ఒకప్పుడు ఒపెరాల్లో, అంటే అక్కడి సంగీత నాటకాల్లో, పై స్థాయిలో పాడే పేరున్న టెనర్ గాయకుడు. ఇటలీ దాకా వెళ్లి పాడిన మనిషి. నేను చూసేసరికి గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేశారు. మాట లేదు. ఏం కావాలన్నా పలక మీద రాసేవారు.

ఆయన పాత రికార్డు మొదటిసారి విన్న రోజు, దుప్పటి మడుస్తున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాలేదు. మైకు లేకుండా ఆఖరి వరస దాకా పద్యం వినిపించే నటుల గురించి మా తాతయ్య చెబుతుంటే గొప్పలు పోతున్నాడనుకునేదాన్ని. ఆ రోజు నమ్మాను.

ఒకసారి నేను పక్క సర్దుతూ కూనిరాగం తీస్తుంటే "అదేం పాట?" అని రాశారు. మా అమ్మమ్మ సొంతంగా కట్టుకున్న భక్తి పాట అది. ఏ పుస్తకంలోనూ లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో మొత్తం రాసిచ్చాను. పెదాలు కదుపుతూ కంఠతా పట్టేశారు. నేను పాడుతుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చేత్తో చూపించేవారు. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడుతున్నా నాకెవరూ అది నేర్పలేదు.

కోవిడ్ ఆయన్ని వారం రోజుల్లో తీసుకుపోయింది. చివరిసారి పలక మీద రాసింది "నన్ను పాట లేకుండా పంపొద్దు" అని. సరేనన్నాను.

అంత్యక్రియలకు పదిమందే ఉండాలన్నారు. పాటలు వద్దన్నారు. మాస్కు తీయకూడదన్నారు. ఆ నిబంధనల వల్లే మా హోములో చాలామంది బతికారని నాకూ తెలుసు. కానీ జీవితమంతా పాడిన మనిషిని పార్సిల్ పంపినట్టు పంపడానికి మనసొప్పలేదు.

ఉదయం పదకొండింటికి శవపేటిక ఉన్న నల్ల కారు శ్మశానానికి వెళ్తూ మా గేటు ముందు ఆగింది. స్టాఫంతా ఆరడుగుల ఎడంతో రోడ్డు పక్కన వరసగా నిలబడ్డాం. వరసలో చివరిదాన్ని నేను. నా కుడి పక్క ఎవరూ లేరు. మాస్కు కిందికి లాగి పాట అందుకున్నాను.

మొదటి చరణం బాగానే వచ్చింది. రెండో చరణం దగ్గర మాట అందలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి పాడుతున్న పాట, తుడిచేసినట్టు పోయింది.

అప్పుడు నా కుడి పక్కనుంచి ఒక మగ గొంతు అందుకుంది.

"నీల్లు లోతైన వేల నీ వేలు వదలను..."

'నీళ్లు' కాదు, 'నీల్లు'. 'వేళ' కాదు, 'వేల'. ఇంగ్లిష్ అక్షరాలు చూసి నేర్చుకున్నవాళ్లు పలికే తీరు. గొంతు మాత్రం రికార్డులో విన్నదే. దాని వెనకే నేనూ పాడి చరణం ముగించాను. తల తిప్పలేదు. భయమేసి కాదు, తిప్పితే ఆగిపోతుందేమోనని.

పాటయ్యాక కారు డ్రైవరు టోపీ తీసి, "మీ పక్కన పాడినాయన ఎవరండీ? ఎంత గొంతు!" అన్నాడు. నా ఎడమ పక్కనున్న నర్సు మాత్రం తనకి నా గొంతొక్కటే వినిపించిందని చెప్పింది. అది కూడా దాచడం లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఎదురుగా గోడ ఉంది కదే, ప్రతిధ్వని అయ్యుంటది. నాలుగు రోజులు సెలవు పెట్టు" అన్నారు.

"ప్రతిధ్వని వెనకాల వస్తదండీ. ఇది నాకంటే ముందొచ్చింది" అన్నాను.

జూమ్‌లో మా పాస్టరు గారు, "అది దురాత్మ పనమ్మా, విడుదల ప్రార్థన చేద్దాం" అన్నారు.

"అయ్యగారూ, దురాత్మకి మా అమ్మమ్మ పాటెందుకండీ?" అని అడిగి కెమెరా ఆపేశాను. చేయించుకోలేదు. చేయించుకోను.

స్వరపేటిక లేని మనిషి, అదీ పోయిన మనిషి, ఎలా పాడతాడు? నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. విననట్టు కూడా నటించను.

మర్నాడు మేనేజరు పిలిచింది. చెడ్డది కాదు, తన ఉద్యోగం తను చేసింది. మాస్కు ఎందుకు తీశానో రాసిమ్మని ఫారం ఇచ్చింది. "పాడటానికి" అని రాశాను. ఆ సమయంలో మీ పక్కన ఎవరున్నారు అన్న గడిలో ఫింటన్ గారి పేరు రాశాను.

ఆమె చదివి ఫారం మళ్లీ నా ముందుకే జరిపింది. "ఇది కొట్టెయ్. లేకపోతే నీ ఫైల్లో ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుంది" అంది.

"ఉండనివ్వండి" అన్నాను.