థీడా అత్త తవ్విన బావి

థీడా క్విన్బీ అత్త తన ఎనభై ఒక్క ఏళ్ల జీవితంలో ఎవరితోనూ ఒక్క అబద్ధం ఆడలేదు, ఇళ్ల గురించి తప్ప. ఇళ్ల గురించి మాత్రం నిజం చెప్పిన పాపాన పోలేదు. మా లార్చ్‌ఫర్డ్‌లో వందేళ్లు దాటిన ఇళ్లు ఇరవై మూడున్నాయి. ఫలానా ఇల్లు ఎవరు కట్టారు, మొదట ఎవరు కాపురమున్నారు అని అడిగితే చాలు, ఇక ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

తక్కిన విషయాల్లో ఆవిడ నిజాలతో వేగలేక చచ్చేవాళ్లం. పాస్టరు గారి భార్య ఓసారి ఆపిల్ పై చేసి పట్టుకెళ్లి, "ఎలా ఉందండీ?" అని అడిగింది. "మీ కుక్కకి మాత్రం పెట్టకండమ్మా. పాపం, నోరులేని జీవం," అంది అత్త. నేను కొత్త టోపీ పెట్టుకుని వీధిలో ఎదురైతే, "ఒరే వెండెల్, ఆ కొట్టువాడికి నీమీద ఏం కోపంరా?" అని అడిగింది. ఆ టోపీ మళ్లీ బయటికి తియ్యలేదు.

ఏటా జూన్ మొదటి శనివారం మా ఊళ్లో పాత ఇళ్ల యాత్ర. అత్త గొడుగు పైకెత్తి ముందు నడిచేది. ఊళ్లోవాళ్లు, పక్క ఊళ్లవాళ్లు ఆవిడ వెనక నడిచేవాళ్లు. అందరికంటే వెనక నేను.

"ఈ బురుజు ఇల్లు కట్టింది కెప్టెన్ లూథర్ బ్లాంచర్డ్. ఆయనకి పదకొండుమంది పిల్లలు."

"పోయినేడు తొమ్మిదన్నావు కదత్తా!" అని అరిచేవాణ్ణి.

"ఏడాదైంది కదరా, పుట్టరా?"

"ఆయన పోయి ఎనభై ఏళ్లయింది!"

"అందుకే ఇద్దరితో ఆగాడు."

జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నిజానికి ఆ బ్లాంచర్డ్ కెప్టెనూ కాదు, గిప్టెనూ కాదు. బొత్తాలమ్ముకునేవాడు. పెళ్లే చేసుకోలేదు. నాకెలా తెలుసంటే, నేను ముప్ఫై ఏళ్లుగా కౌంటీ ఆఫీసులో రికార్డుల గుమాస్తాని. పాత దస్తావేజులన్నీ నా బీరువాలోనే ఉంటాయి. ఆవిడ అబద్ధాన్ని అక్కడికక్కడే దిద్దకపోతే నాకు ఆ రాత్రి అన్నం సయించేది కాదు. జనం మాత్రం ఆవిడ అబద్ధానికి నోరు తెరిచేవాళ్లు, నా నిజానికి ఆవలించేవాళ్లు.

యాత్ర మిల్లు వీధిలో ముగిసేది. అక్కడ ఎదురెదురుగా రెండిళ్లు. ఎడమవైపుది నాది, మా ముత్తాత ఎజ్రా ప్రౌటీ కట్టించింది. కుడివైపుది ఓరిన్ హాగెన్‌ది. ఓరిన్ ముప్ఫై ఐదేళ్లు ఈ ఊరికి పోస్ట్‌మ్యాన్. అందరి ఉత్తరాలూ మోసి, తను మాత్రం మాటలు పొదుపుగా వాడే మనిషి. భార్య పోయాక ఆయనకి మిగిలిన కాలక్షేపం ఒక్కటే, పొద్దున్నే వంతెన పక్క కాఫీ హోటల్లో నాతో చెకర్స్ ఆడడం. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు కూడా నన్ను గెలవనివ్వలేదు.

అక్కడికి రాగానే అత్త గొంతు మెత్తబడేది. "ఈ వీధికి మొట్టమొదట వచ్చింది ఇద్దరే. ఎజ్రా ప్రౌటీ, నిల్స్ హాగెన్. ఒకడి భాష ఒకడికి రాదు. అయినా ఇద్దరూ కలిసి బావి తవ్వారు. నీళ్లు పడ్డాక ఒకే గిన్నెతో తాగారు." ఓరిన్ తన వరండాలో కుర్చీ వేసుకుని, నిల్స్ తాత పేరు వినపడగానే టోపీ తీసేవాడు. ఆ వీధిలో బావి ఉన్నట్టు ఏ పటంలోనూ లేదు. ఆ సంగతీ చెప్పేవాణ్ణి, నా నోరు ఊరుకోదు కదా.

ఊరికి నూట పాతికేళ్లు నిండిన ఏడాది, పాత ఇళ్లన్నిటికీ కంచు పలకలు పెట్టాలని తీర్మానించారు. పలకల మీద ఏం రాయాలో రికార్డులు చూసి తేల్చే పని నాకు అప్పగించారు. ఏనుగెక్కినంత సంబరపడ్డాను. మర్నాడే అత్త మా ఆఫీసుకొచ్చింది.

"ఒరే, మిల్లు వీధి వదిలెయ్."

"ఎందుకూ?"

"వదిలెయ్యమన్నాను."

"కారణం చెప్పత్తా."

ఆవిడ నోరు తెరిచింది, మళ్లీ మూసింది. నిజం చెబుదామంటే అది ఇళ్ల విషయం. అబద్ధం చెబుదామంటే ఎదురుగా ఉన్నది నేను. "పెద్దదాన్ని అడుగుతున్నానురా," అని మాత్రం అని వెళ్లిపోయింది. తనకి పోటీ వచ్చానని కుళ్లుకుంటోంది అనుకున్నాను. అంత బుద్ధి నాది.

వారం తిరక్కుండానే షెరీఫ్ పాత పుస్తకంలో దొరికింది. ఓరిన్ ఇల్లు ఇల్లు కాదు, ఊరి మొదటి జైలు! మొదటి ఖైదీ నిల్స్ హాగెన్. నేరం గుర్రం దొంగతనం. ఎనిమిది నెలలు లోపలున్నాడు. తర్వాత జైలు వేరేచోటికి మారితే ఆ కట్టడాన్ని ఆయనే కొనుక్కున్నాడు. అలవాటైన గది వదల్లేకపోయాడు కాబోలని నాలో నేనే పడీపడీ నవ్వుకున్నాను. ఆ మాటే హోటల్లో కూడా చెప్పాను, ఓరిన్ ఎదురుగానే. పలక మీద కూడా జైలు సంగతీ, గుర్రం దొంగతనమూ ఎక్కించాను.

హోటల్ మూడు రోజులు ఊగిపోయింది. "ఓరిన్, నా గుర్రాన్ని బయట కట్టాను, ఫరవాలేదుగా?" అని కారున్నవాడు అడిగేవాడు. "మా ఉత్తరాలన్నీ ఇచ్చేశావుగా నాయనా?" అని ఇంకొకడు. మొదటి రోజు ఓరిన్ కూడా నవ్వాడు. రెండో రోజు కాఫీ చల్లారేదాకా తలెత్తలేదు. మూడో రోజు ఆట సగంలో పావులన్నీ పెట్టెలో సర్ది, మూత పెట్టి వెళ్లిపోయాడు. నాలుగో రోజు రాలేదు. వరండాలో కుర్చీ కూడా లోపలికి పోయింది.

ఐదో రోజు అత్త మా ఆఫీసుకొచ్చి, "ఆ షెరీఫ్ పుస్తకం తియ్యి," అంది. తీశాను. నేను చూసిన పేజీ దగ్గరికే వెళ్లి, ఒక్క కాగితం తిప్పింది.

"చదువు."

ఫిర్యాదు చేసినవాడు ఎజ్రా ప్రౌటీ. ఎనిమిది నెలలయ్యాక ఆ గుర్రం నది అవతల గడ్డి మేస్తూ కనిపించింది. దాన్ని ఎవరూ దొంగిలించలేదు. ప్రౌటీ దొడ్డి గేటు వెయ్యడం మరిచిపోయాడు. నిల్స్‌ని వదిలేశారు. క్షమాపణ చెప్పినట్టు ఎక్కడా రాసి లేదు.

"ముప్ఫై ఏళ్ల గుమాస్తాకి పేజీ తిప్పడం కూడా నేర్పాలంట్రా?" అంది అత్త. "నాకు పందొమ్మిదేళ్లప్పుడు మీ రెండిళ్లవాళ్లూ ఒకళ్ల గడప ఒకళ్లు తొక్కేవాళ్లు కారు. ఎదురుపడితే ఉమ్మేసేవాళ్లు. అప్పుడు తవ్వాన్రా ఆ బావి. ఏడాదికోసారి చెప్పుకుంటూ వచ్చాను. పదేళ్లకి మీవాళ్లూ నమ్మారు, వాళ్లూ నమ్మారు. మీ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారంటే ఆ నీళ్ల చలవే."

పుస్తకం మూసేశాను. తక్కిన ఇరవై ఒక్క ఇళ్లలో ఏమేం పూడ్చిపెట్టిందో అడగలేదు. ఇంక అడగను కూడా.

ఆ సాయంత్రమే వెళ్లి ఓరిన్ తలుపు కొట్టాను. తియ్యలేదు. మర్నాడూ, ఆ పై వారమూ కొట్టాను. పలక మార్చమని ఊరిపెద్దల్ని బతిమాలాను, పోత పోసింది మారదన్నారు. అత్తని మాత్రం క్షమించమని అడిగాను. "నన్నెందుకురా అడుగుతావు? అడగాల్సినవాడు మీ ఎదురింట్లో ఉన్నాడు," అంది. మళ్లీ ఇళ్ల ఊసెత్తలేదు. ఆ చలికాలంలోనే నిద్రలో పోయింది. ఊరంతా ఏడ్చింది. ఓరిన్ వెనక వరసలో నిలబడి, అందరికంటే ముందు వెళ్లిపోయాడు.

జూన్ వచ్చింది. యాత్ర నడిపే దిక్కులేక నన్నే నడపమన్నారు. ఇరవై ఒక్క ఇళ్ల ముందు తేదీలు చదివాను. సగంమంది సగం దారిలో జారుకున్నారు. ముప్ఫైమంది మిగిలితే వాళ్లతో మిల్లు వీధికొచ్చి, ఓరిన్ కిటికీకేసి తిరిగి గొంతెత్తాను.

"ఈ పలక మీద ఉన్నది సగం నిజమే. నిల్స్ హాగెన్ ఏ గుర్రాన్నీ దొంగిలించలేదు. చెయ్యని తప్పుకి ఎనిమిది నెలలు లోపలున్నాడు. ఇరికించినవాడు మా ముత్తాత."

"ఆయన క్షమాపణ చెప్పుకున్నాడా అండీ?" అని గుంపులోంచి ఒక ఎర్ర కోటు ఆవిడ అడిగింది.

"లేదమ్మా. చెబుదామని నేను ఏడాదిగా తలుపు కొడుతున్నాను."

తలుపు తెరుచుకుంది. ఓరిన్ ఇంట్లో తొడుక్కునే చెప్పుల్తోనే వరండాలోకొచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"ఎందుకురా అలా అరుస్తావు? నాకింకా చెవుడు రాలేదు."

"నీకు ఆ సంగతి తెలియాలని..."

"నాకు పదేళ్లప్పుడే తెలుసు. మా తాతే చెప్పాడు, గుర్రం సంగతీ, మీవాడి సంగతీ. థీడా చెప్పేదే బాగుందని ఇంటిల్లిపాదీ అదే పట్టుకున్నాం."

"మరి తలుపెందుకు తియ్యలేదు?"

"హోటల్లోవాళ్లు నవ్వారు, నవ్వనీ. నువ్వు కూడా నవ్వావురా."

ముప్ఫైమంది ముందు టోపీ తీసి, తప్పయిపోయింది, క్షమించమన్నాను. ఓరిన్ నాకేసి చూడకుండా, "వీళ్లని ఎండలో నిలబెట్టావేం? రండమ్మా లోపలికి," అన్నాడు. ఒకప్పటి జైలు గది ఇప్పుడు ఆయన వంటగది. అందరం ఇరుక్కుని నిలబడ్డాం.

"ఇక్కడే ఎనిమిది నెలలా? ఎంత బాధపడ్డారో," అంది ఎర్ర కోటు ఆవిడ.

"అబ్బే, అదేం లేదమ్మా," అన్నాడు ఓరిన్. జీవితంలో ఒక్క మాట కూడా కల్పించి ఎరగని మనిషి. "పొరపాటు తెలిసినప్పట్నుంచీ ఎదురింటి ప్రౌటీ రోజూ సాయంత్రం తనే భోజనం మోసుకొచ్చేవాడు."

పొరపాటు తెలిసిన రోజే విడుదల చేశారని పుస్తకంలో ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏం తెచ్చేవాడండీ?" అని ఆవిడ అడిగింది.

ఓరిన్ అప్పుడు మొదటిసారి నాకేసి చూశాడు. "చెప్పరా వెండెల్, మీ ముత్తాతేగా."

"కోడి పులుసు," అన్నాను. గొంతు సరిచేసుకున్నాను. "ఆదివారాలు మాత్రం బాతు."