మామగారి బంతి ఎక్కడ పడింది?

డ్రైవింగు నేర్పేవాళ్ళకి కుడికాలు సొంతం కాదు. అది ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది. మన టీచరమ్మ సంగతే చూడండి. ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఉండే రెండో బ్రేకుని తొక్కీ తొక్కీ, ఇప్పుడు బస్సెక్కినా నేలని తొక్కుతుంది. సోఫాలో కూర్చుని సినిమా చూస్తూ, తెరమీద కారు మలుపు తిరిగినా తొక్కుతుంది. మొగుడికి అది చూసి నవ్వీ నవ్వీ విసుగొచ్చి, ఇప్పుడు నవ్వడం కూడా మానేశాడు.

ఆదివారాలు గోల్ఫ్ మైదానంలో ఆ కాలు చేసే నిర్వాకం ఇంకా ఘోరం. ఆవిడ స్టిక్కు పైకెత్తడం చూస్తే, అబ్బో, ఈ బంతి ఊరు దాటిపోతుంది అనిపిస్తుంది. తీరా బంతికి తగిలే సమయానికి కుడికాలు టక్కున బ్రేకు వేసేస్తుంది. ఒళ్ళంతా ఆగిపోతుంది. బంతి కాస్త దూరం దొర్లి, మర్యాదకి అన్నట్టు, అదీ ఆగిపోతుంది. అందుకే అక్కడందరూ ఆవిణ్ణి బ్రేకమ్మ అంటారు. ఆవిడా పలుకుతుంది.

మరి ఇంత చెత్తగా ఆడుతూ వారం వారం ఎందుకెళ్తుందయ్యా అంటే, ఎప్పుడో ఒకసారి ఆ కాలు ఏమరుపాటున ఉండిపోతుంది. ఆ ఒక్క దెబ్బా ఖంగుమని తగులుతుంది. మిగతావన్నీ అక్కడే మర్చిపోయి, ఆ ఒక్కదాన్నీ కొంగున కట్టుకుని ఇంటికొస్తుంది. ఆవిడతో ఆడే పళ్ళ డాక్టరుకైతే బంతి పోకుండా ఉంటే చాలు, పండగే. బేకరీ ఆయనకి డాక్టరుకన్నా ఒక్క దెబ్బ తక్కువలో ఆట ముగిస్తే చాలు, ఇద్దరూ సర్వనాశనంగా ఆడినా సరే. ఎవరి పిచ్చి వారికానందం.

నాలుగో మనిషి ఆవిడ మామగారు. పెళ్ళైన కొత్తలో, "అమ్మాయ్, ఇంట్లో కూర్చుని నా కొడుకు మొహం ఎంతసేపని చూస్తావు, రా" అని ఆవిడ చేతికి స్టిక్కు ఇచ్చింది ఆయనే. భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. చూపంటే ఆయనదీ చూపు. ఎంత దూరాన ఉన్న రాయినైనా చూసి, అది ఎవరి హద్దులో ఉందో చెప్పేవాడు. ఆటలో ఆయనకి లెక్కా పత్రం పట్టదు. కొట్టిన బంతి గాల్లోకి లేచి, వంగి, నేలమీద దిగేదాకా నడుంమీద చెయ్యేసుకుని చూడాలి. అదే ఆయన సుఖం.

ఆ కళ్ళకే జబ్బు చేసింది. ఎదురుగా ఉన్నదాని మధ్యలో మసక. కాళ్ళ దగ్గరి బంతిని పక్కచూపుతో ఎలాగో పట్టుకుంటాడు. అది లేచిందా, ఇక మాయం. ఇంతకన్నా బాగుపడదని కంటి డాక్టరు చెప్పేశాడు. అప్పట్నుంచీ ఆదివారం ఆట అయ్యాక కార్లో మాటా పలుకూ లేదు.

ఒక శనివారం సాయంత్రం ఆయన స్టిక్కులన్నీ తుడిచి, సంచిలో సర్ది, "రేపే ఆఖరమ్మా. ఆట అయ్యాక వీటిని క్లబ్బుకి ఇచ్చేస్తాను" అన్నాడు.

"అదేంటి మామయ్యా!"

"కొట్టడం, ఎక్కడ పడిందీ అని అడుక్కోవడం. దీన్ని ఆటంటారా?"

ఆయన అప్పటికే లైబ్రరీకి వెళ్ళడం మానేశాడు. పేకాట మానేశాడు. వారంలో ఆయన తనంతట తాను లేచి, గడ్డం గీసుకుని, చొక్కా రంగు గురించి పేచీ పెట్టేది ఆదివారం ఒక్కటే. అదీ పోతే కిటికీ పక్క కుర్చీలో కూలబడతాడు, ఇక లేవడు. కోడలికి ఆ భయం పట్టుకుంది.

వెంటనే పళ్ళ డాక్టరుకీ బేకరీ ఆయనకీ ఫోన్లు చేసింది. "రేపు మామయ్య ఏం కొట్టినా బ్రహ్మాండం అనాలి. తెలిసిందా?" వాళ్ళు సరేనన్నారు. సరే అనడమేంటి, ఎగిరి గంతేశారు. మంచివాళ్ళకి అబద్ధం ఆడే అవకాశం రోజూ దొరకదు కదా.

ఆదివారం పొద్దున్నే మొదలైంది భజన. మామగారు మొదటి బంతి కొట్టాడు. అది పోయి పోయి తుప్పల్లో పడింది. "ఆహా!" అన్నాడు డాక్టరు. "ఏం షాటండీ!" అన్నాడు బేకరీ ఆయన. అని ఊరుకున్నాడా, అందరికన్నా ముందు గబగబా నడిచి, బంతిని బూటుతో ఒక్క తన్ను తన్ని చక్కటి గడ్డిలోకి తెచ్చాడు. రెండోది ఇసుకగుంటలో పడితే డాక్టరు చేత్తోనే తీసేశాడు. మూడో హోల్, అంటే జెండా పాతిన మూడో గుంట, దగ్గరికొచ్చేసరికి మామగారు పుట్టి బుద్ధెరిగాక ఆడనంత గొప్పగా ఆడుతున్నాడు. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు.

అక్కడ కొట్టిన బంతి నీళ్ళపాలైంది.

"ఎక్కడ పడిందమ్మా?"

"దగ్గర్లోనే మామయ్యా. జెండా పక్కనే."

ఆయన కదల్లేదు. స్టిక్కుని సంచిలో పెట్టేసి, పక్కనున్న బెంచీమీద కూర్చున్నాడు. "కళ్ళు పోయాయిగానీ చేతులు పోలేదమ్మా. స్టిక్కు బంతి నెత్తిమీద తగిలిందని నా అరచేతికి తెలుస్తుంది. అది జెండా దాకా పోతుందా? మీ ముగ్గురూ కలిసి నన్ను పసిపిల్లాణ్ణి చేశారు. చాలు. ఇంటికి పోదాం పద."

బేకరీ ఆయన ఆకాశంలోకి చూశాడు. డాక్టరు బూట్లలోకి చూసుకున్నాడు. కోడలికి మాత్రం ఒళ్ళు మండింది. తనమీద తనకే మంట. కార్లో కొత్తవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు ఆవిడ ఇలా చేస్తుందా? చచ్చినా చెయ్యదు. ముందు గుంట ఉంటే గుంట అంటుంది, లారీ వస్తుంటే లారీ అంటుంది. బాగుంది బాగుంది అని జోకొడితే బండి కాలవలో ఉంటుందని ఆవిడకి తెలియని విషయమా? కార్లో నోరు తెరిస్తే నిజం తప్ప రాని మనిషి, మామగారి దగ్గర పంచదార పలుకులు పలికింది.

"సరే, వినండి అయితే," అని మొదలెట్టింది, కార్లో మాట్లాడే గొంతుతోనే. "ఇది నీళ్ళలో పడింది. ఇందాకటిది ఇసుకలో పడితే డాక్టరుగారు చేత్తో తీశారు. మొదటిది తుప్పల్లోకి పోతే ఈయన బూటుతో తన్నారు."

బేకరీ ఆయన నాలిక కరుచుకున్నాడు. మామగారి భుజాలు నవ్వుతో కదలడం మొదలెట్టాయి.

"బూటుతోనా?" అన్నాడు. "ఎంత దూరం పోయింది?"

"బాగానే పోయిందండీ," అన్నాడు బేకరీ ఆయన నసుగుతూ.

"ఏడిశావ్! నీ స్టిక్కుతో ఏనాడైనా అంత దూరం కొట్టావా?"

డాక్టరు నవ్వాపుకోలేక బెంచీ పట్టుకున్నాడు. మామగారు లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్, ఆ గొంతుతోనే చెప్తానంటే ఆడతాను. తేడా వచ్చిందో, ఇంటికే."

ఇక చూడండి. కోడలు ఆయన వెనకాలే నిలబడి, కారు నడిపిస్తున్నట్టే చెప్పడం మొదలెట్టింది. "లేచింది. ఎడమకి లాగుతోంది. ఇంకా ఎడమకి. చెట్టుకి కొట్టుకుంది. మన వైపే వస్తోంది." "ఛీ!" అంటాడాయన. "ఈసారి లేవనేలేదు మామయ్యా, పాములా గడ్డిలో పోతోంది." "నీ మొహం, నేనే తల ముందుగా ఎత్తాను." హోల్ తర్వాత హోల్ తన్నేస్తోంది. ముందు తన్నులతో కూడబెట్టిన పరువంతా గంగలో కలిసింది. ఆయనకి మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చేసింది. ఎడమకంటే ఎంత ఎడమకి, చెట్టుకి కింద తగిలిందా పైన తగిలిందా అని సాక్షుల్ని విచారించినట్టు అడుగుతున్నాడు. ఆవిడ దేనికీ రంగులద్దడం లేదు.

ఆట చివరికొచ్చింది. ముందు నీళ్ళు, నీళ్ళ పక్కన ఓ పొడుగాటి చెట్టు, ఆ వెనకెక్కడో జెండా. మామగారు బంతిని పక్కచూపుతో పట్టుకుని, స్టిక్కు తిప్పాడు.

ఆ చప్పుడుకే ముగ్గురూ తలలెత్తారు.

"లేచింది," అంది కోడలు. "తిన్నగా పోతోంది. నీళ్ళు దాటింది. చెట్టు..." అంతే, ఆగిపోయింది.

"చెట్టుకేమైంది? తగిలిందా?"

ఆవిడ కళ్ళు బంతి వెంటే పరిగెడుతున్నాయి.

"చెప్పవేమమ్మా! నీకేమైనా అయిందా?"

"ఉండండి మామయ్యా," అంది ఆవిడ. "ఇంకా పోతోంది."

"ఇంకానా?"

"ఇంకా పోతోంది!"

ఆయన నడుంమీద చెయ్యేసుకుని, మొహం పైకెత్తి, ఆవిడ మాట వెంబడే అటు తిరిగాడు. బంతి వంగింది. దిగింది. ఒక్క గెంతు గెంతి, జెండాకి కాస్త ఇవతల ఆగింది. ఆవిడ అవన్నీ వరసగా చెప్పింది. జెండా పక్కనే అనలేదు, కాస్త ఇవతల అనే చెప్పింది.

అక్కణ్ణుంచి దాన్ని గుంటలో వెయ్యడానికి ఆయన నానా తంటాలూ పడ్డాడు, అది వేరే సంగతి. ఎవరూ ఆ ఊసెత్తలేదు. స్టిక్కుల సంచి సంగతీ ఎవరూ ఎత్తలేదు. తిరుగు దారిలో ఆయన దాన్ని వెనక సీట్లో పక్కనే పెట్టుకుని, మీద చెయ్యేసుకు కూర్చున్నాడు. ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా, "చెట్టు దాటాక ఏమైందన్నావూ?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఇంట్లో కొడుకు అప్పుడే నిద్రలేచి టీ తాగుతున్నాడు. "ఎలా ఆడావు నాన్నా?"

"పరమ ఛండాలంగా ఆడానురా," అన్నాడు ఆయన, మొహం చాటంత చేసుకుని. "ఒక్కటి మాత్రం, ఇలా కూర్చో చెప్తా. నీళ్ళు దాటింది. చెట్టు దాటింది. దాటి ఆగిందా? లేదు. పోతూనే ఉంది, పోతూనే ఉంది."

"నీకెవరు చెప్పారు నాన్నా?" అన్నాడు కొడుకు మెల్లగా.

"ఒకళ్ళు చెప్పేదేంట్రా!" అన్నాడు మామగారు. "నేను చూశాను."

బూట్లు విప్పుకుంటున్న కోడలికి కళ్ళు చెమర్చాయి. విప్పిన బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.