అత్తరు దాసి మీద కేసు

2011లో ఓ ఆదివారం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పోలీసులు నలభై మంది మహారాణులను పట్టుకెళ్లారు. సరే, నలభై కాదు, పదిహేడు. పట్టుకెళ్లలేదు, కేసు రాయబోయారు. మహారాణులూ కాదు, వాళ్ల దగ్గర కొలువు చేసిన ఆడవాళ్లు. మిగతాదంతా నిజం.

దీనికంతటికీ కారణం చక్రపాణి గారి జబ్బు. తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ ఈ చరిత్ర లెక్చరర్ ముప్పై ఏళ్లుగా అంతఃపురాల మీద పుస్తకాలు రాస్తున్నారు. ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషికీ కోటలో ఓ ఉద్యోగం ఇవ్వనిదే ఆయనకు కాఫీ దిగదు. పాలు పోసే ఆవిడ వింజామర పట్టేది. బ్యాంకు మేనేజరమ్మ కోశాగారం కాపలా. భార్య కోటేశ్వరమ్మకు మాత్రం ఇంతవరకు ఏ కొలువూ దక్కలేదు.

"ఆవిడ దండెత్తి వచ్చిన పక్షం," అంటారాయన.

వెనక వాటాలో కిరాయికి ఉండే లచ్చమ్మ అత్తరు దాసి. బయట మాత్రం వనస్థలిపురంలో ఓ ప్రైవేటు బడిలో ఆయా.

"దాసి ఏంది సార్? జర రాణిని చెయ్యరాదు?"

"రాణులకేం పనుందమ్మా? నా పుస్తకాల్లో రాణి మూడో అధ్యాయానికే అలిగి పడుకుంటుంది. కోట నడిపేది మీరే."

శతాబ్దాల దగ్గర మాత్రం ఆయన రాక్షసుడు. ఓ రాణి మెడలో వందేళ్ల తర్వాతి హారం వేశాడని సొంత తోడల్లుడి పుస్తకావిష్కరణలో లేచి గంటసేపు పోట్లాడి, భోజనం చేయకుండా వచ్చేశారు. పొట్లం కట్టించుకున్నారనుకోండి.

ఆ ఆదివారం తెలంగాణ కోసం రోడ్ల మీద వంటా వార్పు. విజయవాడ రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, గంజులు, ఉడుకుతున్న పప్పు. లచ్చమ్మ వెళ్లింది. వెనకే నోటుబుక్కు పట్టుకుని చక్రపాణి గారూ దిగారు. అంతమందికి వంట ఎలా సాగుతుందో చూస్తే కోట వంటశాల అధ్యాయం తెమిలిపోతుందట.

"గీ ఆంధ్ర సారెందుకొచ్చిండే?" అని ఆడవాళ్లు లచ్చమ్మను నిలదీశారు.

"మా ఓనరు. జర పిచ్చోడు గానీ మంచోడు. ఇంత పప్పు పెట్టుండ్రి."

పప్పన్నం తింటూనే ఆయన పొయ్యి పొయ్యికీ తిరిగి పేరూ ఊరూ అడిగి రాసుకున్నారు. ఇంతలో పోలీసులొచ్చి పొయ్యిలు ఆర్పారు. జనం చెదిరిపోయారు. కేసుకు పేర్లు కావాలి. ఎస్సై కన్ను నోటుబుక్కు మీద పడింది.

అడిగిందే తడవుగా ఇచ్చేశారాయన. పైగా కింద సంతకం పెట్టి, ఇంటి నంబరు వేసి మరీ!

చెదిరిన జనంలోంచి లచ్చమ్మ అది చూసింది. కేసులో పేరొస్తే మర్నాటి నుంచి రావద్దని బడి యజమాని ముందే చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె చక్రపాణి గారి మొహం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఎస్సై ఇంటికొచ్చాడు. లచ్చమ్మ తలుపు చాటున నిలబడి వింటోంది.

"ఎ-వన్, అత్తరు దాసి. ఎక్కడుంటది?"

"కోటలో."

"ఏ కోట? డోర్ నంబర్ చెప్పుండ్రి."

"పదహారో శతాబ్దం, నాయనా. అప్పటికి నంబర్లు వేయలేదు."

"మరి తాంబూలం అందించేటామె?"

"పోయి ఏడొందల ఏళ్లయింది. పాపం, పన్ను నొప్పి."

"నిన్న రాసిందేంది సార్ మీరు?"

"చరిత్ర. నాకు ఇంకేదీ రాయడం రాదు."

కోటేశ్వరమ్మ ఇచ్చిన కాఫీ తాగి, నోటుబుక్కు బల్ల మీద పడేసి, తల పట్టుకుని వెళ్లిపోయాడు ఎస్సై. లచ్చమ్మ లోపలికొచ్చి పేజీలు తిరగేసింది. పదిహేడు మంది. ఒక్క అసలు పేరు లేదు.

"సార్, అత్తరు దాసిది గోల్కొండ, తాంబూలమామెది ఓరుగల్లు. మీరే చెప్పిండ్రు. ఇద్దరు ఒక్క పొయ్యి కాడ ఎట్ల కూసున్నరు?"

చక్రపాణి గారి చెవులు ఎర్రబడ్డాయి. "అచ్చుతప్పు."

"చేత్తోని రాసిండ్రు గద సార్!"

"ముప్పై ఏళ్లలో మొదటిసారి తప్పు రాశారు," అంది కోటేశ్వరమ్మ. "ఆ ఎస్సై ముందు బొంకడం కూడా బాగానే వచ్చింది మీకు."

"ఏ ఎస్సై?" అన్నారాయన, ఆ కాఫీ గ్లాసును పక్కకు జరుపుతూ. "మనింటికి ఎవరూ రాలేదు. నిన్న నేను గుమ్మమే దాటలేదు. ఇదంతా లచ్చమ్మ కల్పన."