పదిహేడో నంబరు చీటీ

ఇంగ్లీషు దొరలు రెండొందల ఏళ్ళు ఇక్కడ మకాం వేసి, కంటోన్మెంటు కట్టి, రైళ్ళు నడిపి కూడా మనకు సరిగ్గా నేర్పలేకపోయిన ఇంగ్లీషును, శుభ్రంగా ఉతికి ఆరేసి తిరిగి వాళ్ళకే పంపిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. పేరు గెదెల రాజులమ్మ. ఉండేది సికింద్రాబాద్, పద్మారావు నగర్‌లో. చదువు ఐదో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు రాదు. రాకపోతేనేం, ఇంగ్లీషులో ఏ తప్పూ ఆవిడ కంటపడకుండా దాక్కోలేదు.

ఈ గొప్పలు ఆవిడ చెప్పుకున్నవి కావు. మనవరాలు కుమారి చెబుతోంది. ఈ రాత రాస్తున్నది ఆ కుమారే. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షకే వెళ్ళకుండా ఆ లెక్క అక్కడితో ఆపేసిన పిల్ల. ఇంట్లో తప్పులు పట్టే మనిషి ఒకరున్నారు కాబట్టి చేసే మనిషి కూడా ఒకరుండాలని దేవుడు కుమారిని పంపాడని వాళ్ళమ్మ లోవలక్ష్మి నమ్మకం.

రాజులమ్మది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. భర్త పైడిబాబు రైల్వేలో గ్యాంగ్‌మన్. డెబ్భై అయిదులో, వానాకాలంలో, పట్టాల మీద పనిచేస్తూనే పోయాడు. ఆయన పోయాక రైల్వేవాళ్ళు ఆవిడకు సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో ప్యూను ఉద్యోగం ఇచ్చారు. ఎనిమిదేళ్ళ లోవలక్ష్మిని వెంటబెట్టుకుని, ఒక ట్రంకుపెట్టెతో స్టేషన్లో దిగింది.

ఆఫీసులో ఆవిడకు అప్పజెప్పిన పని జిగురు సీసా, కత్తెర. రైల్వేలో రూల్సు పుస్తకాలు మాటిమాటికీ కొత్తగా అచ్చు వెయ్యరు. రూలు మారినా, అచ్చుతప్పు దొరికినా ఒక చిన్న కాగితం వస్తుంది. కరెక్షన్ స్లిప్ అంటారు. రాజులమ్మ భాషలో చీటీ. ఫలానా పేజీ, ఫలానా వరుస, ఈ మాట బదులు ఈ మాట చదువుకోవాలి అని అందులో ఉంటుంది. దాన్ని కత్తిరించి సరిగ్గా ఆ వరుస మీదే అంటించాలి. ప్రతి చీటీకీ నంబరుంటుంది. వరసలో ఒక్క నంబరు కూడా పోకూడదు. చీటీ రద్దయితే 'రద్దు' అని, ఎందుకు రద్దయిందో కూడా పట్టికలో రాయాలి. అంతా అయ్యాక కింద సంతకం పెట్టాలి. పుస్తకంలో తప్పుంటే బండి పట్టాలు తప్పుతుందని ఆవిడకు మొదటి రోజే చెప్పారు. పట్టాల మీద మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఆ మాట రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

ముప్పై ఏళ్ళు కత్తిరించింది, అంటించింది. సంతకం మాత్రం గుమాస్తాది. రిటైరయ్యే రోజున, ఒక్క పుస్తకంలో ఒక్క చీటీ కింద తను సంతకం పెడతానని అడిగింది. "నీ సంతకం ఎందుకమ్మా, ఎవరు చూస్తారు?" అని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. దండ వేయించుకుని ఇంటికొచ్చి, దండ గుమ్మానికి తగిలించి, పప్పులోకి పోపు వేసింది.

ఊరికే కూచోవడం చేతకాక, కాలనీ సంఘం లైబ్రరీ తాళాలు తీసుకుంది. అది రెండువేల ఆరు. ఊళ్ళో కంప్యూటర్ తప్ప ఇంకో మాట వినబడని రోజులు. కరెంటు స్తంభాల మీద సినిమా పోస్టర్ల కంటే కంప్యూటర్ కోర్సుల కాగితాలే ఎక్కువ. ఎవరో పాత కంప్యూటర్ ఒకటి ఇస్తే, సంఘం సెక్రటరీ నరసరాజు గారు దాన్ని లైబ్రరీలో పెట్టించారు. రాజులమ్మ ఇంటి పై వాటాలో అద్దెకుండే దయాకర్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. మంచివాడు, మాట మెత్తన. పుస్తకాలు ఎవరు తీసుకున్నారో, ఎప్పుడిచ్చారో చూసుకునే ప్రోగ్రాం ఒకటి అందులో ఎక్కించాడు. దాన్ని ఎలా వాడాలో చెప్పే నూట ఎనభై పేజీల పుస్తకం ప్రింటు తీసి, బైండు చేయించి తెచ్చాడు.

"దీన్ని ఓపెన్ సోర్స్ అంటరు పెద్దమ్మా. ఎవరిదీ కాదు, అందరిది. ఎవరైనా వాడుకోవచ్చు. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు."

"ఎవులైనానా?"

"లోకంల ఎవరైనా."

"ప్యూన్లు కూడానా?"

"ప్యూనో మినిస్టరో వాళ్ళకేం ఎరుక పెద్దమ్మా! తప్పు దొర్కితే చాలు."

ఆ మాట ఆ కుర్రాడు గుమ్మం దాటేలోపే మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు.

వారం తిరిగేసరికి ఆ పుస్తకంలో పదకొండు చీటీలు లేచాయి. రాజులమ్మ చదవదు, చూస్తుంది. ముప్పై ఏళ్ళు రోజూ చూసి చూసి ఆ మాటల ముఖాలన్నీ ఆవిడకు చుట్టాలే. ముక్కు వంకరగా ఉన్న మాట ఎదురైతే వేలు దానంతటదే ఆగుతుంది. అప్పుడు కుమారి స్కూలు నిఘంటువు తీస్తుంది. కుమారి ఎన్నడూ తెరవలేదు కాబట్టి అది కొత్తగానే ఉంది. తప్పని తేలితే నంబరు, తేదీ, పేజీ వేసి రిజిస్టర్లో ఎక్కించి, చీటీ రాసి, మైదా జిగురుతో అంటిస్తుంది. ఇంకో చీటీ, ఆ పుస్తకం రాసినవాళ్ళకు పంపమని, దయాకర్‌కు.

"నా పేరు రాసి పంపుతావు కదేటి బాబూ?"

"పంపుత పెద్దమ్మా, పరేషాన్ గాకుండ్రి."

నంబర్లు మాత్రం మార్చొద్దని చెప్పింది. నంబరు లేని చీటీ చీటీయే కాదంది. దయాకర్ ఆ నంబర్లు అలాగే వేసి మెయిల్ పంపుతూ వచ్చాడు. వారానికోసారి, "తీసుకున్నట్టు వాళ్ళెవులైనా సంతకం పెట్టినారా?" అని ఆవిడ అడుగుతుంది. "వాళ్ళు సంతకాలు పెట్టరు పెద్దమ్మా, పుస్తకంల దిద్దుతరు, వెనక పేజీల పేరు ఏస్తరు" అని అతను చెబుతాడు. పేరు వేస్తారన్న మాటకే ఆవిడకు ఆ వారమంతా సరిపోయేది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కుమారి ఇంటర్నెట్ సెంటర్లో సినిమా పాటల కోసం వెళ్ళి, బుద్ధి పుట్టి ఆ పుస్తకాన్ని నెట్‌లో తెరిచింది. చివర కృతజ్ఞతల పేజీ ఉంది. మూడో వరుసలో, అక్షరదోషాలు దిద్దినందుకు, అని ఉంది. పక్కన పేరు దయాకర్. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. రాజులమ్మ ఎక్కడా లేదు.

పరుగెత్తుకొచ్చి చెప్పింది. రాజులమ్మ బెండకాయలు తరుగుతోంది. కత్తిపీట ఆగింది.

"మరోపాలి సెప్పు."

కుమారి మరోసారి చెప్పింది. "పైకెళ్ళి దులిపెయ్ అమ్మమ్మా! నువ్వు ఊఁ అంటే నేనెళ్ళి దులిపేస్తా. వాడి బైకు గాలి తీసేస్తా."

"నువ్వు ఇంటర్ మీద సూపించాల్సిన పౌరుషం బైకు మీద సూపించకు. తప్పు మేడమీద అచ్చవనేదు. ఎక్కడ అచ్చయిందో అక్కడే సీటీ అంటించాల." ఆవిడ బెండకాయలు పూర్తిచేసింది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

అంటించే చోటు నరసరాజు గారే చూపించారు. కాలనీ కుర్రాడి పేరు ప్రపంచమంతా వాడే పుస్తకంలో పడిందని ఆయనకు తెలిసింది. ఆ కృతజ్ఞతల పేజీ ప్రింటు తీయించి లైబ్రరీ నోటీసు బోర్డుకు గుచ్చారు. ఆదివారం పదిగంటలకు సన్మానమన్నారు. శాలువా కొన్నారు, మిర్చి బజ్జీలు చెప్పారు. కుర్చీలు వెయ్యమని రాజులమ్మకు కబురు పెట్టారు. రాజులమ్మ నలభై కుర్చీలు వేసి, చివరి వరుసలో ఒక కుర్చీలో తనే కూచుంది. ఒళ్ళో సంచి. సంచిలో రిజిస్టరు, జిగురు సీసా.

నరసరాజు గారికి ఏ కాగితమైనా చేతికిస్తే అక్షరం వదలకుండా పైకి చదవడం అలవాటు. ఆ పుస్తకం బాగోగులు చూసే డోరా అనే ఆవిడ, పోర్చుగల్ నుంచి దయాకర్‌కు రాసిన మెయిల్‌ను ఆయన తెలుగు చేసుకుని తెచ్చారు. కళ్ళజోడు సర్దుకుని షురూ చేశారు.

"'మీ నలభై సవరణలకు కృతజ్ఞతలు. ప్రతిదానికీ నంబరు వేసి పంపడం నాకెంతో నచ్చింది. ఒక్క సందేహం. పదహారు తరవాత పద్దెనిమిది వచ్చింది. పదిహేడు నాకు అందలేదు. ఏమైంది?' అని అడిగారండీ ఆ తల్లి." జనం నవ్వారు. ఆయన కూడా నవ్వి దయాకర్ వైపు తిరిగారు. "ఏమైందయ్యా పదిహేడు?"

"ఏందో సార్, యాడనో మిస్సయింటది. నెట్ సతాయిస్తది గదా."

"మిస్సవనేదు."

వెనక వరుసలో రాజులమ్మ లేచి నిలబడింది. ముప్పై తొమ్మిది తలలు వెనక్కి తిరిగాయి. ఆవిడ నడుచుకుంటూ ముందుకొచ్చి, నరసరాజు గారి ముందున్న శాలువా పక్కకు జరిపి, రిజిస్టరు తెరిచి పెట్టింది.

"పదిహేడు రద్దు. జూలై ఆరు, గురువారం. తప్పని సీటీ రాసినాను. మర్నాడు నిఘంటువు సూస్తే మాట సరిగ్గానే ఉంది. తప్పు నాది. అందికే పంపనేదు. రాసే ఉంది, సదవండి."

నరసరాజు గారు చదివారు. అలవాటు చొప్పున పైకే చదివారు. "'పదిహేడు. రద్దు. తప్పు నాదే. గె. రాజులమ్మ.'" ఆ తరవాత పదహారు చూశారు, పద్దెనిమిది చూశారు, పేజీలు తిప్పారు. చేతిలో దయాకర్ ఇచ్చిన సవరణల జాబితా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి వేలితో దిగుతూ నలభై ఒకటి దాకా వెళ్ళారు. బజ్జీలు తెచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దయాకర్, ఇవన్నీ ఈవిడవా?"

దయాకర్ మెడలో అప్పటికే దండ ఉంది. దాన్ని తీయాలో ఉంచాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. "ఆమెవే సార్. మొదట్ల ఆమె పేరే రాద్దామనుకున్న. మళ్ళ, ఇంగ్లీష్ రాని ముసలామె దిద్దిందంటే వాళ్ళు నమ్మరనిపించింది. థాంక్స్ నా పేరు మీద వచ్చింది. కంపెనీ మారుతున్న, రెజ్యూమేల సుత పెట్టిన." రాజులమ్మ వైపు తిరిగాడు. "పేరుదేముంది పెద్దమ్మా. పుస్తకం బాగైంది గదా."

"పేరుదేటీ నేదా?"

"ఏముంది పెద్దమ్మా…"

"ఐతే నీది తీసియ్."

రాజులమ్మ సంచిలోంచి ఒక చీటీ తీసింది. నీట్‌గా, నాలుగు వైపులా కత్తిరించి ఉంది. నంబరు నలభై రెండు. కృతజ్ఞతల పేజీలో, మూడో వరుసలో, 'దయాకర్' బదులు 'గెదెల రాజులమ్మ' అని చదువుకోవాలి. నోటీసు బోర్డు దగ్గరకు వెళ్ళి, సీసా మూత తీసి, వేలితో జిగురు రాసి, ఆ వరుస మీద అంటించి, మూడుసార్లు అరచేత్తో అదిమింది. రిజిస్టరు, పెన్ను దయాకర్ ముందు పెట్టింది.

"అందినట్టు సంతకం."

దయాకర్ పెట్టాడు. పెట్టి, దండ తీసి బల్లమీద పెట్టాడు. "తప్పైంది పెద్దమ్మా."

"తప్పయితే నంబరేసి రాసుకో. నాను రాసుకోనేదా?"

నరసరాజు గారు తేరుకుని, శాలువా విప్పి ఆవిడ భుజాల మీద కప్పబోయారు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "సాలువా నాకెందుకండీ, ఉక్కలో. మీరూ పెట్టండి సంతకం." సెక్రటరీ గారు పెట్టారు. ముందు వరుసలో వాళ్ళు తమకేమీ సంబంధం లేకపోయినా లేచొచ్చి పెట్టారు. ఆ శాలువా ఇప్పుడు లైబ్రరీ కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా కప్పి ఉంటుంది. బజ్జీలు చల్లారిపోయినా ఒక్కటీ మిగల్లేదు. మిగలనివ్వని వాళ్ళలో కుమారి పేరు చెప్పుకోదగ్గది.

మర్నాడు దయాకర్ తనే డోరాకు మెయిల్ రాశాడు. ఏదీ దాచకుండా రాశాడో లేదో కుమారి పక్కన నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషు మేరకు చూసుకుంది. రిజిస్టరు పేజీల ఫోటోలు, నలభై రెండో చీటీ దానికి జత చేశారు. రాజులమ్మ ఒక్క షరతు పెట్టింది. పేరు మార్చితే చాలదు, అందినట్టు ఆ డోరమ్మ చేత్తో సంతకం పెట్టాలి.

"వాళ్ళు గట్ల పెట్టరు పెద్దమ్మా. మెయిలే చాలు."

"పెట్టకపోతే నలభై మూడో సీటీ రాస్తాను. నలభై నాలుగోది రాస్తాను. వాళ్ళ పుస్తకంలో తప్పులకి కరువేటి?"

అయిదో రోజున జవాబొచ్చింది. మూడో వరుసలో పేరు మారింది. మెయిల్‌తో పాటు ఒక ఫోటో వచ్చింది. డోరా ఆ నలభై రెండో చీటీని ప్రింటు తీసి, కింద నీలం సిరాతో సంతకం చేసి, ఫోటో తీసి పంపింది. పదిహేడు రద్దు గురించి చదివి, ఆ పేజీని తన బల్ల ముందు గోడకు అంటించుకున్నానని కూడా రాసింది. ఆ ముక్క కుమారి రెండుసార్లు చదివి వినిపించింది. రాజులమ్మ సంతకాన్ని మాత్రం వెలుతురులో పెట్టి చూసి, "రాత బాగోనేదు గానీ, సరే," అంది. ఆ కాగితం ఇప్పుడు ట్రంకుపెట్టె మూత లోపలి వైపు, పైడిబాబు ఫోటో పక్కన అంటించి ఉంది.

దయాకర్ అనుకున్న ఉద్యోగం రాలేదు, ఇంకోటి వచ్చింది. పై వాటా ఖాళీ చెయ్యలేదు. ఇప్పుడు చీటీలు రాజులమ్మ పేరున తెరిచిన మెయిల్ నుంచే వెళతాయి. నంబరు మూడొందలు దాటింది.

ఇదంతా కుమారి నోటుపుస్తకంలో రాసి, మొదటి వాక్యం నుంచి ఇక్కడి దాకా అమ్మమ్మకు ఇచ్చింది. ఇంగ్లీషు దొరల దగ్గర ఆవిడ కళ్ళు చెమ్మగిల్లుతాయని, సంతకం దగ్గరకొచ్చేసరికి దగ్గరకు తీసుకుంటుందని ఆశపడి, గోడకు ఆనుకుని కూచుంది. రాజులమ్మ పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా వేలు పెట్టి చూసింది. మధ్యలో ఒకసారి లేచి కత్తెర తెచ్చుకుంది.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"ముప్పై ఒక్క సీటీలున్నాయి." చెమ్మగిల్లినవి కుమారి కళ్ళే. "ఏడుపు తరవాత, ముందు సంతకం పెట్టు."