ఆముదం తాగిన బంతి

డెబ్బైల్లో ఆదోని కాలేజీలో నాకంటే వేగంగా బంతి వేసేవాడు లేడు. ఈ మాట అప్పట్లో నేనే చెప్పేవాణ్ణి, పాపం అందరూ వినేవారు. మరి అంతటివాడు పెద్ద క్రికెట్లోకి పోకుండా అడ్డుపడిందెవరని అడుగుతారు కదా? సెలెక్టర్లు కాదు, రాజకీయాలూ కాదు. ఓ గిన్నెడు ఆముదం. ఆ గిన్నె పట్టుకున్న చెయ్యి కూడా నాదే. మీరు కడుపుబ్బా నవ్వుకోండి, నేను ఏడవడం ఎప్పుడో అయిపోయింది.

దసరా సెలవుల్లో మాకు యెమ్మిగనూరు జట్టుతో మ్యాచ్ పడింది. జిల్లా జట్టుకు ఆటగాళ్లను ఏరడానికి కర్నూలు నుంచి సెలెక్టరు వస్తున్నారు. జిల్లాలో మెరిస్తే రాష్ట్రం, రాష్ట్రంలో మెరిస్తే దేశం. మనసులో నేనప్పటికే దేశానికి ఆడుతున్నాను. కెప్టెన్ని కాబట్టి, కాలేజీ కొన్న ఒకే ఒక్క కొత్త బంతి నా దగ్గరే ఉంది.

మా నాయన పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఆయుధ పూజ నాడు పానాలు, సుత్తులు తుడిచి, ఆముదం పూసి, పసుపు కుంకుమలు పెట్టి వరసగా పేర్చాడు. నేను పోయి వాటి మధ్య నా బంతిని పెట్టాను.

"అదేందిరా?" అన్నాడు నాయన.

"నా పనిముట్టు."

మా అవ్వ మురిసిపోయింది. "పెట్టనీలే అప్పా, వాని సేతికి అదే పానా" అంటూ బంతికి బొట్టు పెట్టింది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? బంతి ఎంత మెరిస్తే గాల్లో అంత తిరుగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. పక్కనే పానాలు ఆముదంతో నిగనిగలాడుతున్నాయి. ఇనుమే ఇంత మెరిస్తే తోలు ఇంకెంత మెరవాలి! మిగిలిన ఆముదం గిన్నెలో పోసి బంతిని ముంచాను. మ్యాచ్ రోజు దాకా అది తాగుతూనే ఉంది.

బస్సులో మా వికెట్ కీపర్ ఖాజా ముక్కు ఎగబీల్చాడు. "యాడిదిరా ఈ ఆముదం వాసన?"

"ముందు సీట్లో బాలింత ఉండాదిలే" అని నేను కిటికీ వైపు తిరిగాను.

యెమ్మిగనూరు గ్రౌండులో అంపైరు అక్కడి డ్రిల్లు మాస్టరే. బంతి చేతిలోకి తీసుకుని ముఖం చిట్లించారు. "ఏందప్పా, ఇట్లా జారుతాంది?"

"ఆయుధ పూజలో పెట్టినాం సార్."

ఆయన వెంటనే టోపీ తీసి, బంతిని కళ్లకద్దుకుని నాకిచ్చారు.

వికెట్ల వెనక, దూరంగా షామియానా కింద సెలెక్టరు ఉగ్గాని బజ్జీ తింటూ కూర్చున్నారు. నేను ఆదోని రోడ్డు నుంచే మొదలుపెట్టానా అన్నట్టు పరుగెత్తుకొచ్చి, ప్రాణమంతా చేతిలోకి తెచ్చుకుని వేశాను. బంతి తడి సబ్బులా జారి ఆకాశానికి పోయింది. బ్యాట్స్‌మన్ బ్యాటు దించి తలెత్తి చూశాడు. ఖాజా వెనక్కి పరుగెత్తి, ఎగిరి ఒంటిచేత్తో పట్టుకున్నాడు.

"ఎవరికేసినావురా?" అని అరిచాడు.

"పట్టు తప్పింది. ఈసారి సూడు!"

ఈసారి నా కాళ్ల ముందే పడింది. మా కాలంలో పిచ్ అంటే నేల మీద పరిచిన కొబ్బరి పీచు చాప. బంతి ఆ చాప మీద దొర్లుతూ, దారిలోని పీచంతా ఒంటికి అంటించుకుని, గడ్డం మీసాలతో అవతలికి చేరింది. బ్యాట్స్‌మన్ దాన్ని ముట్టుకోనే లేదు. "సార్, ఇది బంతా, టెంకాయా?"

"పూజ చేసిన బంతి అది. ఊరికే మాట్లాడొద్దు, ఆడు" అన్నారు మాస్టరు.

మూడోది సూటిగా షామియానాకే బయలుదేరింది. ఖాజా దాని వెంట పరుగో పరుగు. ఆఖరికి అడ్డంగా దూకి, ఉగ్గాని ప్లేటు మీద బోర్లా పడి, సెలెక్టరు ముక్కుకు బెత్తెడు దూరంలో దాన్ని ఆపాడు.

సెలెక్టరు బజ్జీ చేత్తో పట్టుకునే లేచారు. "ఆ పిల్లోని పేరేమి?"

నేను ఆశగా పరుగెత్తుకెళ్లాను. "శేషన్న సార్. వేగం దండిగా ఉండాది, ఈపొద్దు కొంచెం..."

"నువ్వు గాదప్పా. నీ బంతులు ఆపినోడు. వీటిని పట్టినోడు ఎవరివైనా పడతాడు."

ఖాజా జిల్లాకు పోయాడు. నేను ఇంటికొచ్చి అవ్వ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఆ తర్వాత నాయన మిల్లులోనే పత్తి తూకాల దగ్గర కుదురుకున్నాను.

ఎనభైల్లో ఖాజాకు రాష్ట్ర జట్టులో చోటొచ్చింది. ఆదోనిలో సన్మానం చేశారు. వాడు మైకు పట్టుకుని, "నా గురువు ఈడనే ఉండాడు. ఆయప్ప బంతి యాడికి పోతాదో ఆయప్పకే తెలీదు. అట్లాంటివి పట్టి పట్టి నేను కీపర్నైనాను" అని నన్ను వేదిక మీదికి పిలిచాడు. శాలువా కప్పి, చేతిలో ఓ పొట్లం పెట్టాడు. విప్పితే బొట్టు పెట్టిన ఆముదం సీసా.

వాడు నా చెవిలో మెల్లగా అడిగాడు. "ఆ బస్సులో బాలింత బాగుండాదా?"

ఆ సీసా మీద చెయ్యి వేసి, ఆదోని ప్రజల చప్పట్ల సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ ఏ బంతికీ ఆముదం పట్టించను. ఇక నుంచి అదంతా నా మోకాళ్లకే.