ఇంకో వంతెన దాకా

మా మావగారు పోయారు. పొద్దున్నే కాఫీ కలిపి పిలిస్తే లేవలేదని అత్తగారు ఫోను చేసి చెప్పారు. చెప్పి, "కంగారుపడి బండి మీద రాకండి అల్లుడుగారూ, బస్సులో తాపీగా రండి" అన్నారు. ఆవిడ మాట ప్రకారం బస్సులోనే వెళ్ళాను. నన్ను అల్లుడుగారూ అని పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఇక ఒక్కరే మిగిలారని దారంతా అదే అనుకుంటూ కూర్చున్నాను.

ఆ పిలుపు గురించి మీకు కొంచెం చెప్పాలి. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. వరస కలిపిన మనిషే లేకపోయాక మావగారికి నేనేమవుతాను, ఆయన నాకేమవుతారు అన్నది నాకు అర్థం కాలేదు. దినాలయ్యాక వాళ్ళిద్దరూ ముక్తేశ్వరం వెళ్ళిపోయారు. మెల్లగా రాకపోకలు తగ్గిపోతాయి, ఎక్కడైనా పెళ్ళిలో కనపడితే పలకరించుకుంటాం, అంతేననుకున్నాను. అమలాపురంలో నా కళ్ళజోళ్ళ షాపు తెరవడం మానేశాను. వండుకోవడం మానేశాను. మనిషి గొంతు వినపడుతుందని టీవీ మాత్రం పొద్దస్తమానం మోగిస్తూ పడుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆయన చెప్పాపెట్టకుండా మా ఊరు వచ్చారు. అప్పుడు నేను వసారాలో సైకిలు తుడుస్తున్నాను. నాకు షుగరు వచ్చేలా ఉందని నా భార్య పట్టుబట్టి కొన్న సైకిలది. నాకు సైకిలంటే మొదట్నుంచీ గిట్టదు. కొన్న కొత్తలో వారం రోజులు తొక్కి గోడకి ఆనించేశాను. ఆ రోజు తుడుస్తున్నది కూడా ఎవరికైనా ఇచ్చేద్దామనే.

ఆయన చెప్పులు విప్పి, కాసేపు నిలబడి చూసి, "సైకిలంటే బాగా ఇష్టమాండి?" అని అడిగారు.

కూతురు కొన్న సైకిలు. ఇచ్చేస్తున్నానని ఆ తండ్రికి ఏ నోటితో చెప్పను? "ఆయ్" అన్నాను. మా గోదావరి వాళ్ళం ఆ ఒక్క మాటతో ఎన్ని చిక్కుల్లో పడుతుంటామో మీకు తెలియంది కాదు.

మరుసటి ఆదివారం తెల్లారేసరికి ఆయన సైకిలు మీద వచ్చారు. ముక్తేశ్వరం నుంచి మా ఊరికి కాలవ గట్టు మీద గంట పైనే. ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా పోస్టుమేన్లు సైకిళ్ళు తొక్కుతుంటే కుర్చీలో కూర్చుని ముద్రలు వేయించిన మనిషి. డెబ్భై దాటాక ఇదేం పని అని నేను తెల్లబోతే, "నాక్కూడా సరదాయేనండీ. అలా గట్టు మీద తిరిగొద్దామాండి?" అన్నారు. కూతురు పోయిన దిగులు పోగొట్టుకోవడానికి దారి వెతుక్కుంటున్నారు పాపం, తోడు వెళ్ళకపోతే ఎలా అనుకున్నాను. అలా మొదలైంది.

రోడ్డెక్కేవాళ్ళం కాదు. మా కాలవ గట్ల మీద కారు పట్టదు, లారీ రాదు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కొబ్బరితోటలు, వాటి నీడన అరటి, పోక, కోకో. తోటల్లో దింపు జరుగుతుంటే కాయలు దబదబ పడే చప్పుడు, ఆగితే మళ్ళీ ఏ చప్పుడూ ఉండదు. ఇద్దరం పక్కపక్కన వెళ్ళడానికి చోటు చాలదు. ఒకరి వెనక ఒకరం వెళ్ళాలి. మొదటి రోజు అక్కడే చిక్కొచ్చింది.

"మీరు పదండి" అన్నారాయన.

"పెద్దవారు, తమరు ముందుండాలండి" అన్నాను.

"అల్లుడుగారు వెనకా, నేను ముందూనాండి? బాగోదండి."

సైకిళ్ళు పట్టుకుని అలా నిలబడే ఉన్నాం. గడ్డిమోపు ఎత్తుకుని ఎదురొచ్చిన ఒకావిడ, "ఎవరో ఒకరు కదలండి బాబూ, నేనెళ్ళాలి" అనేసరికి నేను ముందు ఎక్కాను. ఆ తరవాత ఎప్పుడూ నేనే ముందు, ఆయన వెనక. అందుకే ఆయన సైకిలు తొక్కుతుండగా నేను సరిగా చూసిందే లేదు.

ప్రతి వంతెన దగ్గరా దిగేవాళ్ళం. ఆయన జేబులోంచి బిస్కట్ల పొట్లం తీసి, తను ఒకటి తీసుకుని మిగతావన్నీ నా చేతిలో పెట్టేవారు. కండువాతో మెడ తుడుచుకుంటూ, "రాత్రి ఏం కూర వండుకున్నారండి?" అని అడిగేవారు. ఏమీ వండుకోలేదంటే ఆయన ముఖం వాడిపోయేది. ఆ ప్రశ్నకి జవాబుండాలని శనివారం రాత్రి పొయ్యి వెలిగించడం మొదలుపెట్టాను. ఆనపకాయో, దొండకాయో. "కొత్త ఫ్రేములేవన్నా వచ్చేయాండి?" అని ఇంకో ప్రశ్న. దానికోసం షాపు తెరవాల్సొచ్చింది. జవాబులు వినడానికి చెవి నా వైపు ఒంచి నిలబడేవారు, అదేదో పెద్ద కబురైనట్టు.

ఇక వెనక్కి తిరుగుదామని నేను సైకిలు తిప్పబోతుంటే, "ఇంకో వంతెన దాకా వెళ్దామాండి?" అనేవారు. నాకు నడుం పట్టేసేది. అయినా ఆయన సరదా ఎందుకు కాదనాలని "ఆయ్" అనేవాణ్ణి. కొన్నాళ్ళకి, ఆయన అడక్కముందే నేనే "ఇంకో వంతెన దాకా వెళ్దామాండి?" అనడం నేర్చుకున్నాను. ఆయన వెంటనే "ఆయ్" అనేవారు. ఇలా ఒకరినొకరం మర్యాద చేసుకుంటూ ఒకసారి ముమ్మిడివరం దాకా వెళ్ళిపోయాం. కొబ్బరితోటలు అయిపోయి రొయ్యల చెరువులొచ్చాయి. చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాల్ని చూస్తూ ఇద్దరం చతికిలబడ్డాం. లేవడం మా వల్ల కాలేదు. చివరికి ట్రాలీ ఆటోలో సైకిళ్ళు పడుకోబెట్టి, వాటి పక్కన మేం కూర్చుని ఇల్లు చేరాం. "భలే తిరిగేమండి" అన్నారాయన, కాళ్ళు చాపుకుని. "భలే తిరిగామండి" అన్నాను నేను.

అమ్మాయి సంగతి మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎత్తితే ఆయన తట్టుకోలేరని నాకు భయం. ఒకసారి మాత్రం, పెళ్ళయిన కొత్తలో ముక్తేశ్వరం వెళ్ళినప్పుడల్లా నేనూ నా భార్యా నడిచిన చోటుకి వచ్చాం. వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. తరవాత ఇంకోసారి. ఆగితే ఆయన కళ్ళు తుడుచుకోవాలి, నేను చూడాలి. ఇద్దరికీ కష్టం. అందుకని ఆగకుండా, ఎదర మనిషి లేకపోయినా గంట కొట్టుకుంటూ పోయాను. ఆ గంట మోతలో ఆయన కావలసినంత సేపు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నేను ముందున్నాను కాబట్టి ఆయనకి తెలిసుండదు.

మావగారి పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక, చుట్టాలందరూ బస్సులెక్కేశాక, అత్తగారూ నేనూ వసారాలో కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని, "మావగారికి సైకిలంటే ఎంత సరదాయోనండి. ఆయన కోసమే నేనూ వెళ్ళేవాణ్ణి" అన్నాను.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి నా వంక చూశారు.

"ఆయనకి సరదా ఏంటండి? ఆయనకి సైకిలంటే భయమండి. ఆదివారం తిరిగొచ్చేసరికి మోకాళ్ళు ఇంతేసి వాచిపోయేవి. కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాసేదాన్ని. ఈ వయసులో మీకెందుకండీ, మానెయ్యండి అనేదాన్ని. అల్లుడుగారికి సైకిలంటే ప్రాణమే, ఆయన్నొక్కర్నీ కాలవ గట్టు మీదకి ఒదిలేసి నేనింట్లో ఎలా కూచోను అనేవోరు."

మళ్ళీ ఆవిడే అన్నారు. "మీరు అన్నం మానేసేరని ఎవరో చెప్పేరండి. ఆ రోజు నుంచీ ఆయనకి నిద్దర్లేదు. అమ్మాయి ఎలాగూ దక్కలేదు, ఈయన్నన్నా దక్కించుకోవాలి అనేవోరు. అందుకే ఎప్పుడూ వెనకుండేవోరండి. ముందుంటే మీరు కనపడరు కదా."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నాలుగేళ్ళపాటు మేమిద్దరం, ఇద్దరికీ లేని సరదా కోసం అన్ని వంతెనలు దాటాం. ఇద్దర్లో ఎవరికి కాస్త మర్యాద తక్కువైనా మొదటి వారమే ఆగిపోయేది. అప్పుడు నేనేమైపోయేవాణ్ణో ఆలోచించడానికి కూడా భయంగా ఉంది. ఆయనతో ఈ మాట చెప్పి ఇద్దరం నవ్వుకునే వీలు లేకుండా పోయిందే అని, ఆ రోజు మొదటిసారి నాకు పట్టలేని దుఃఖం వచ్చింది.

"ఆ సైకిలు మీరు తీసుకెళ్ళిపోండి. ఎదురుగా ఉంటే నేను చూడలేనండి" అన్నారు అత్తగారు.

"అలాగేనండి. ఆదివారం మళ్ళీ మిమ్మల్ని చూడ్డానికి వస్తాను" అన్నాను. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన సైకిలు గట్టు మీదకి నడిపించుకొచ్చి ఎక్కాను. ఎక్కగానే నా మోకాళ్ళు హేండిలుకి తగిలాయి. దిగి చూస్తే సీటు పూర్తిగా కిందకి దించేసి ఉంది, ఇక దిగడానికి చోటు లేనంతగా. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనుతాయి. పడిపోతానని అంత భయం ఆయనకి. ఆ ఎత్తులో కాళ్ళు ముడుచుకుని ముమ్మిడివరం దాకా తొక్కారు.

సీటు కింద సంచిలో స్పానరు ఉంది. సీటు ఎత్తుకుందామని తీసి, బోల్టుకి ఆనించి, తిప్పబుద్ధి కాక మళ్ళీ సంచిలో పెట్టేశాను. కాలవలో గిన్నెలు కడుక్కుంటున్న ఆడవాళ్ళు, చిన్నపిల్లల సైకిలెక్కినట్టు తొక్కుతున్న నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళు దాటాక గట్టు మీద ఇంకెవరూ లేరు. మొదటి వంతెన వచ్చేలోపే మోకాళ్ళు సలపడం మొదలైంది. ఎండ తోటల్లోకి వాలుతోంది. ఆగకుండా, అదే సీటు మీద, మెల్లగా తొక్కుకుంటూ పోయాను.