గోదావరిలో వేయని ఫోను

బస్సు భద్రాచలం వంతెన ఎక్కగానే అందరూ కిటికీల్లోంచి గోదావరిలోకి చిల్లర వేసి దండం పెట్టుకున్నారు. నా పక్కనున్న ఆమె మాత్రం సంచిలోంచి సెల్‌ఫోను తీసి చెయ్యి బయటికి చాపింది. గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వదులు చెల్లే. నా బిడ్డది. తొమ్మిదో తరగతి చదువుతది. ఎవడో దాని ఫొటోలు పెట్టుకొని, ఇంకా పంపకపోతే అందరికీ చూపిస్తనని బెదిరిస్తుండు. గంగల పడేస్తే పీడ పోతది."

నేను కోర్టులో టైపిస్టును. తెలిసినంత చెప్పాను. "ఫొటోలు వాని దగ్గరనే ఉంటయ్ అక్కా, పోయేది సాక్ష్యమే. ఆ మెసేజులుంటేనే వాడు దొరుకుతడు. పిల్లల కోసం చట్టముంది. పాప పేరు ఎవ్వరూ బయట పెట్టొద్దు, పెడితే అదీ నేరమే."

"అవ్? పేరు రాదా?"

"రాదు."

ఫోనును కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. వంతెన దాటాక మెల్లగా అడిగింది.

"తప్పంతా నీదేనని నిన్న దాన్ని కొట్టిన. గట్ల కొట్టినదానికి ఏం జెయ్యాలె?"

పోలీస్ స్టేషన్‌కు పోయేముందు ఒకసారి ఇంటికి పోయి, తప్పు నీది కాదని బిడ్డకు చెప్పమన్నాను.